మా అత్తగారి చిన్నల్లుడు

మా అత్తగారికి ఒక్కతే కూతురు, అల్లుళ్ళు మాత్రం ఇద్దరు. పెద్దల్లుణ్ణి నేను. చిన్నల్లుడు నా నడుం నొప్పి.

ఈ వరస కలిపింది ఆవిడే. చెప్పాపెట్టకుండా దిగాడు, పోయే ఊసెత్తడు, ఇంటిల్లిపాదీ తన చుట్టూనే తిరగాలంటాడు, ఎవరేమన్నా అలిగి పడుకుంటాడు, వాడు అల్లుడు కాక ఇంకెవరు అని ఆవిడ వాదన. ఇది వాణ్ణి చూసి చెప్పిందా, నన్ను చూసి చెప్పిందా అని నేనింతవరకూ అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది. ఆవిడకి మొహమాటం లేదు.

నాది సెలూన్. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి లైట్లు వేసేదాకా నిలబడే పని. నిలబడటం కూడా తిన్నగా కాదు. చెవి వెనక మెషిన్ పెట్టాలంటే ఎడమ కాలి మీద బరువేసి, ఓ పక్కకి ఒరిగి, మెడ వంచి చూడాలి. ఏళ్ళ తరబడి జనం చెవుల వెనక్కి తొంగి చూసినందుకు ఓ రోజు ఎడమవైపు నడుం కలుక్కుమంది. వారంలో సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండేళ్ళు దాటింది.

నొప్పి ఒక ఎత్తు, సలహాలు ఒక ఎత్తు. మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ డాక్టరే. ఒకాయన నేల మీద పడుకోమంటాడు. ఆయన లేచాక కూర్చున్నాయన, నేల మీద పడుకోబట్టే ఇలా అయిందంటాడు. ఒకడికి వాళ్ళ బాబాయికి ఇలాగే వచ్చి మంచం పట్టిన కథ చెబితేగానీ గెడ్డం గీయించుకున్నట్టుండదు. తమ పీక నా కత్తి కింద ఉందన్న సంగతి కూడా మర్చిపోయి మరీ చెబుతారు. నా సహనం ఎంతటిదో వాళ్ళకి తెలీదు.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వచ్చేది. "నడుం ఎలా ఉందండీ?" అని. రోజూ అదే మాట. మొదట్లో బాగానే ఉండేది. ఒకరోజు షాపులో పొద్దుట్నుంచీ అందరూ అదే అడిగి, అందరికీ అదే చెప్పి, నా నోరు నొప్పెట్టి ఇంటికొచ్చాను. "నడుం ఎలా ఉందండీ?" అంది. అంతే, తిక్క రేగింది.

"ఇక మీదట ఈ ఇంట్లో నడుం అన్న మాట ఎవరి నోటా వినపడకూడదు! ఎలా ఉందని ఎవరన్నా అడిగారో, ఊరుకునేది లేదు!" అని అరిచాను.

"ఊరుకోక ఏం చేస్తావు నాయనా, వంగి కర్ర తీసుకుంటావా?" అంది మా అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

మా ఆవిడ మాత్రం "సరే" అంది. ఒక్కటే మాట. మర్నాటి నుంచి అడగడం మానేసింది.

ఇక్కడ మా ఆవిడ గురించి చెప్పాలి. తను రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో మైకులో చెబుతుంది. చేతికిచ్చిన కాగితంలో ఉన్నది చదువుతుంది, లేనిది ఒక్క అక్షరం చదవదు. రైలు ఎందుకు రద్దయిందని కాగితంలో లేకపోతే, ఎందుకో తనకి తెలిసినా చెప్పదు. అది తన ఉద్యోగ ధర్మం. నేను ఇంట్లో నడుం మాట రద్దు చేశాను. తను ఆ మాటని తన కాగితంలోంచి కొట్టేసింది. పాపం, మా అత్తగారే ఊరుకోలేక, మాట మింగలేక, "చిన్నల్లుడు ఎలా ఉన్నాడు?" అని దొడ్డిదారి కనిపెట్టింది.

నాలుగు రోజులు హాయిగా ఉంది. ఐదో రోజు గుమ్మంలో చెప్పులు విప్పుతూ చెవి వంటింటి వైపు పెట్టానని నాకే తెలిసింది. గరిట చప్పుడు వచ్చింది, మాట రాలేదు. ఆ మర్నాడూ అంతే. షాపులో వందమంది అడిగినా లెక్కలోకి రాదని, ఈ ఒక్క మనిషీ అడగాలని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమై ఏం లాభం? నోరు పారేసుకున్నది నేను. ఇప్పుడు వెళ్ళి "కాస్త అడగవూ" అంటే నా మగతనం ఏం కావాలి? ఇలా రోజులు నెలలయ్యాయి.

పైగా నేను పెట్టిన రూలు నాకే చుట్టుకుంది. మాట ఎత్తకూడదన్నాక మూలగడానికి కూడా లేదు కదా. మూలిగితే నేనే రూలు తప్పినట్టు. అందుకని నొప్పి వచ్చినప్పుడల్లా బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో "అబ్బా, అమ్మా" అనుకుని, మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని బయటికి వచ్చేవాణ్ణి. ఆ తువ్వాలు తీసుకెళ్ళి మంచం మీద పడేసేవాణ్ణి. దాని సంగతి తర్వాత చెబుతాను.

చివరికి ఓ రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాను. అక్కడ డాక్టరు నా స్కాన్ ఫిల్ము వెలుతురులో పెట్టి పెళ్ళి ఫోటో చూసినట్టు మురిసిపోయాడు.

"చాలా బావుందండీ మీ వెన్నెముక," అన్నాడు.

"బావుంటే నొప్పెందుకండీ?"

"దెబ్బ ఎప్పుడో మానిపోయింది. మీ నరాలకి ఆ కబురు అందలేదు. ఇంకా దొంగలున్నారనుకుని కాపలా కాస్తున్నాయి. చీమ చిటుక్కుమన్నా ఈల వేస్తున్నాయి."

"అంటే నాది ఉత్త ఊహంటారా?" నాకు ఒళ్ళు మండింది.

"కాదండీ. నొప్పి నిజం, నూటికి నూరుపాళ్ళు నిజం. ఇప్పుడు నయం చేయాల్సింది ఎముకని కాదు, ఆ కాపలావాణ్ణి. కోప్పడితే వాడు ఇంకా బెదిరిపోతాడు. నెమ్మదిగా చెప్పాలి. మూడో అంతస్తులో బుధవారం మధ్యాహ్నం ఒక క్లాసుంది, వెళ్ళండి."

బుధవారం మధ్యాహ్నం షాపులో ఎలాగూ ఈగలు తోలుకోవడమే. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఏమని చెబుతాను? నిషేధం ఉంది కదా. బ్లేళ్ళు కొనడానికి వెళ్తున్నానన్నాను.

మూడో అంతస్తులో కుర్చీలన్నీ గోడకి నెట్టేసి నేల మీద చాపలు పరిచారు. మా మేనకోడలి వయసున్న పిల్ల ఎదురొచ్చింది, ఆ అమ్మాయే టీచరమ్మట. "పేర్లు తర్వాత నిదానంగా తెలుసుకుందాం. ముందు ఎక్కడ నొప్పో చెప్పండి చాలు," అంది. దాంతో అక్కడ అందరికీ నొప్పులే పేర్లయి కూర్చున్నాయి. ఫిడేలు నేర్పే పెద్దాయన మెడ మాస్టారు. లాండ్రీ నడిపే ఆవిడ మోకాళ్ళ పిన్నిగారు. ఇళ్ళకి రంగులేసే ఆయన భుజం బాబాయి. పైకప్పులకి రంగు వేసీ వేసీ ఆయన చెయ్యి పైకి లేవకుండా అయ్యింది. పెళ్ళీ చేసుకోలేదట. నేను నడుం అన్నయ్యనయ్యాను. ఇంట్లో నేను రద్దు చేసిన మాటే అక్కడ నా పేరు.

"అందరూ వెల్లకిలా పడుకోండి. రికార్డింగ్ పెడతాను. ఆ గొంతు ఏ భాగం పేరు చెబితే అక్కడికి మనసు తీసుకెళ్ళండి. నొప్పిని తరమొద్దు, ఊరికే పలకరించండి," అంది టీచరమ్మ. కర్టెన్లు వేసింది. బటన్ నొక్కింది.

"నమస్కారం. హాయిగా కళ్ళు మూసుకోండి."

నేను కళ్ళు తెరిచాను. నాకు వచ్చిన మొదటి ఆలోచన, తువ్వాలు ఎక్కడ పెట్టాను?

ఎందుకంటే అది మా ఆవిడ గొంతు. మామూలు గొంతు కూడా కాదు, స్టేషను గొంతు. తనకి రెండు గొంతులున్నాయి. ఇంటి గొంతు గబగబా ఉంటుంది, సగం మాటలు గరిట చప్పుడులో పోతాయి. స్టేషను గొంతు వెన్నలా ఉంటుంది, ఒక్కో అక్షరం విడివిడిగా, ఎక్కడా తొందర లేకుండా. ఊరు ఊరంతా ఆ గొంతు విని మురిసిపోతుంది. మా ఇంట్లో ఆ గొంతు వినపడిందంటే మాత్రం కొంప మునిగిందన్నమాటే. నిజంగా కోపమొచ్చినప్పుడు తను అరవదు. "దయచేసి గమనించండి. మంచం మీద తడి తువ్వాలు ఉన్నది. సంబంధించిన వారు వెంటనే వచ్చి తీసుకొనవలెను," అంటుంది. అది విని నేను ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాను.

"మీ పాదాలు బరువెక్కుతున్నాయి," అంది ఆ గొంతు.

నా పాదాలు కట్టెలయ్యాయి.

"వేళ్ళు మెత్తబడుతున్నాయి."

వేళ్ళు కొంకర్లు పోయాయి. చుట్టూ చూశాను. భుజం బాబాయి మొహంలో పాలు తాగిన పసివాడి కళ. మోకాళ్ళ పిన్నిగారు అప్పుడే గురక. నేనొక్కణ్ణే బడికి ఆలస్యమైన పిల్లాడిలా బిగుసుకుని పడున్నాను. "ఇప్పుడు పిక్కల దగ్గరికి వెళదాం," అనగానే ఇక నా వల్ల కాలేదు. లేచి కూర్చున్నాను.

"ఏమైందండీ?" అంది టీచరమ్మ గుసగుసగా.

"బ్లేళ్ళు కొనాలి," అని బయటికి వచ్చేశాను.

దారంతా నాలో నేనే సణుక్కున్నాను. నా నడుం గురించి ఒక్క మాట అడగని మనిషి, ఎవరో రంగులేసే ఆయన పిక్కల దగ్గరికి ఇంత ప్రేమగా వెళ్తుందా? ఇంటికెళ్ళి అడిగేద్దామనుకున్నాను. అడిగితే నువ్వక్కడ ఏం చేస్తున్నావంటుంది. అది చెప్పాలంటే నడుం మాట రావాలి. నేను కట్టిన గోడ నాకే అడ్డం. తను కూడా ఆసుపత్రికి చదివి పెట్టానని ఎందుకు చెప్పలేదో అప్పుడు వెలిగింది. ఆ మాట చెప్పాలంటే తనకీ నడుం మాట రావాలి కదా.

అయినా వచ్చే బుధవారం మళ్ళీ వెళ్ళాను. ఆ గొంతు వినడానికే వెళ్ళానని ఇప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడు మాత్రం పట్టుదలతో వెళ్తున్నాననుకున్నాను. ఈసారి మోకాళ్ళ దాకా తట్టుకుని లేచిపోయాను. టీచరమ్మ గుమ్మంలో పట్టుకుంది.

"మీరు ఆ గొంతు వినగానే బిగుసుకుంటున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. ఏం గుర్తొస్తోంది?"

"తడి తువ్వాలు," అన్నాను.

నవ్వకుండా తల ఊపింది. చిన్నపిల్లయినా గట్టి పిల్ల. "సరే, తువ్వాలు గుర్తొస్తే రానివ్వండి. దాన్ని తరమొద్దు. రికార్డింగ్ సంగతి వదిలేయండి, షాపులో ఒక పని చేయండి. ప్రతి మనిషీ కుర్చీలో కూర్చున్నాక, కత్తెర ఎత్తేముందు ఊపిరి నిదానంగా వదలండి. దవడ ఎలా ఉందో చూసుకోండి. మీరు నొప్పి రాకముందే పళ్ళు కొరుకుతున్నారు."

నాకు నమ్మకం లేకపోయినా చేశాను. కత్తెర పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి వదులుతూ నిలబడ్డాను. కుర్చీలో ఉన్నాయన అద్దంలో నన్ను చూసి బెదిరిపోయాడు. "ఏంటి, నా జుట్టు అంత ఘోరంగా ఉందా?" అన్నాడు. ఇంకొకడు నేను తన తల కోసం ప్రార్థన చేస్తున్నాననుకుని తనూ కళ్ళు మూసుకున్నాడు. ఒక లాభం మాత్రం కలిగింది, సలహాలు తగ్గాయి. ఇంకో లాభం కూడా ఉందని కొన్నాళ్ళకి ఒప్పుకోవలసి వచ్చింది. నిజంగానే నా దవడ రోజంతా తాళం వేసినట్టు ఉండేది. అది తీసిన రోజున నడుం కూడా కొంచెం మెత్తబడేది. పోయేది కాదు. చిన్నల్లుడు గదిలోంచి వరండాలోకి మారాడు, అంతే.

క్లాసుకి మాత్రం మానకుండా వెళ్తూనే ఉన్నాను. అయితే నాకు ఆ రికార్డింగ్ మోకాళ్ళు దాటి తెలీదు. అక్కడిదాకా వినడం, లేచి కారిడార్‌లో పచార్లు చేయడం, అయ్యాక లోపలికొచ్చి అందరితో కలిసి టీ తాగడం. ఆ టీ దగ్గరే అసలు వైద్యం జరిగేది. ఎవరి నొప్పి వాళ్ళు చెప్పుకునేవాళ్ళు, ఎవరూ సలహా ఇవ్వకూడదని అక్కడ కట్టుబాటు. "అవునా, అలా ఉంటుందా," అనాలి, అంతే. ఆ మాత్రానికే నాకు సగం భారం దిగేది. భుజం బాబాయి మాత్రం ప్రతి వారం ఒకటే పాట.

"అబ్బ, ఏం గొంతండీ! ఈ అమ్మాయి మా ఇంట్లో ఉండుంటే నాకు అసలు నొప్పే వచ్చేది కాదు."

"మీకు తెలీదు," అనేవాణ్ణి.

"ఆ గొంతుతో తిట్టినా హాయిగా ఉంటుంది."

"మీకు బొత్తిగా తెలీదు."

ఒక బుధవారం టీ దగ్గర మెడ మాస్టారికి కోపమొచ్చింది. ఆయనకి తాళం తప్పితే ఒళ్ళు మంట. "అమ్మా, ఇదేం న్యాయం? నా మెడకి ఒక్క వాక్యం. పిన్నిగారి మోకాళ్ళకి ఒక వాక్యం. నడుం ఎడమవైపుకి మాత్రం ఓ పాట పాడినంత సేపు! కుడివైపు నడుముకైనా లేదే ఆ మర్యాద. శరీరంలో ఇంత పక్షపాతం పనికిరాదు."

టీచరమ్మ నవ్వింది. "స్టేషన్లో ఆవిడ గొంతు విని నేనే వెళ్ళి చదవమని అడిగాను. నేను రాసిచ్చినప్పుడు అన్నిటికీ సమంగానే రాశాను మాస్టారూ. రికార్డు చేసేటప్పుడు ఆవిడే అక్కడ ఆగింది. కాగితంలో లేని మాటలు చదివింది. అయ్యాక తీసేద్దామా అని అడిగాను. ఉంచండి, ఎవరికైనా అక్కడ ఉంటుంది అంది."

కప్పు కింద పెట్టేశాను. కాగితంలో లేని మాటా? మా ఆవిడా? రైలు పట్టాలు తప్పినా కాగితం తప్పని మనిషి!

"ఆ రికార్డింగ్ ఇంకోసారి పెట్టు తల్లీ," అన్నాను.

అందరితోపాటు నేలమీద పడుకున్నాను. పాదాలు వచ్చాయి, పోయాయి. తువ్వాలు వచ్చింది, పోయింది. మోకాళ్ళు దాటింది. ఊపిరి బిగబట్టానని గుర్తొచ్చి వదిలాను. అప్పుడు వినపడింది.

"ఇప్పుడు నడుము. ఎడమ వైపు, కాస్త కిందికి. ఇక్కడ తొందర లేదు. పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి అలిసిపోయి ఉంటుంది. కోపంగా కూడా ఉంటుంది. ఏమీ అడగకండి. అడిగితే నచ్చదు. ఊరికే పక్కన కూర్చోండి. కూర్చున్నారని తెలిస్తే చాలు."

చివరికి వచ్చేసరికి అది స్టేషను గొంతు కాదు. ఇంటి గొంతు. ఎక్కడ మారిందో నేను తప్ప ఇంకొకళ్ళు కనిపెట్టలేరు.

నేను ఏడ్చాను. వెల్లకిలా పడుకుని ఏడిస్తే కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయి, చాలా అసహ్యంగా ఉంటుంది. మోకాళ్ళ పిన్నిగారు చాప మీద కూర్చునే నా దగ్గరికి జరిగి, తన కొంగు ఇచ్చింది.

"ఆవిడ మా ఆవిడండీ," అన్నాను.

 భుజం బాబాయి చటుక్కున లేచి కూర్చుని, చొక్కా గుండీలు సరిచేసుకుని, "అంటే, మా చెల్లెమ్మన్నమాట!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆ వరస తప్పలేదు.

నేను అంతా చెప్పాను. అరిచింది, రద్దు చేసింది, కుళాయి తిప్పి మూలిగింది. సలహాలివ్వకూడదన్న కట్టుబాటు ఆ ఒక్కరోజుకి ఎత్తేశారు.

"వెళ్ళి కాళ్ళు పట్టేసుకో," అన్నాడు భుజం బాబాయి.

"వంగలేనే!"

"అయితే రిహార్సల్ చేద్దాం. నేను మీ ఆవిణ్ణి. గుమ్మంలోంచి రా," అంది పిన్నిగారు.

నేను తలుపు బయటికెళ్ళి లోపలికొచ్చాను. "ఏమోయ్, అదీ... ఇవాళ ఎండ బాగా ఉంది కదూ," అన్నాను.

"ఛీ, ఇదేం మాట! ఇంకోసారి రా."

ఇంకోసారి వచ్చాను. ఇంకా ఘోరంగా వచ్చింది. "శ్రుతి తగ్గించు, శ్రుతి!" అని మాస్టారు మెడ తిప్పలేక మొత్తం మనిషే తిరిగి అరిచాడు. చివరికి టీచరమ్మ అంది, "మీకు తెలిసిన మాటల్లో చెప్పండి. లేకపోతే ఆవిడకి తెలిసిన మాటల్లో చెప్పండి."

ఇంటికి నడుస్తున్నంతసేపూ నోట్లో నోట్లో చదువుకుంటూనే ఉన్నాను. గుమ్మంలో చెప్పులు విప్పాను. హాల్లో మా అత్తగారు టీవీ చూస్తోంది. వంటింట్లో గరిట చప్పుడు. "ఏమోయ్," అన్నాను. "ఆఁ" అంది లోపల్నుంచి. అంతే, నేర్చుకున్నదంతా గాలికి పోయింది. "ఏం లేదు," అని బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, అద్దంలో నన్ను నేను తిట్టుకుని, మొహం కడుక్కుని, తువ్వాలు మంచం మీద పడేసి మళ్ళీ వచ్చాను.

ఊపిరి నిదానంగా వదిలాను. దవడ చూసుకున్నాను. హాలు మధ్యలో నిలబడి, చేతులు కట్టుకుని, చదివాను.

"ప్రయాణికులు దయచేసి గమనించగలరు. సెలూన్ నుంచి ఇంటికి రావలసిన నడుము, ఇవాళ కూడా చాలా ఆలస్యంగా నడుస్తున్నది."

గరిట చప్పుడు ఆగింది.

"ఈ నడుము గురించి ఎవరూ అడగరాదని గతంలో చేసిన ప్రకటన రద్దు చేయడమైనది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి..." ఇక్కడ ఆగి ఊపిరి తీసుకున్నాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"ఇంటికొక్కరు చాలని నేననుకుంటుంటే, నువ్వూ మొదలెట్టావా నాయనా," అని మా అత్తగారు టీవీ ఆపేసింది. ఆవిడ టీవీ ఆపడం నేనదే మొదటిసారి చూడటం.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గరిట ఉంది, కళ్ళల్లో నీళ్ళున్నాయి. నన్ను ఎగాదిగా చూసింది.

"చదవడం బాగాలేదు," అంది. "అసౌకర్యానికి అన్నాక ఊపిరి తీసుకోకూడదు. వాక్యం విరిగిపోతుంది."

"నువ్వు మాత్రం? కాగితంలో లేని మాటలు చదివావుగా."

"ఎక్కడ?"

"మూడో అంతస్తులో. ఎడమవైపు."

 తన చేతిలో గరిట మీంచి ఏదో నేల మీద కారుతోంది, చూసుకోలేదు. "బ్లేళ్ళ షాపు అదేనా?" అంది చివరికి.

"అదే."

"అక్కడ ఎవరికైనా ఉంటుందేమోనని చదివాను."

"ఉంది," అన్నాను. "చాలా రోజుల నుంచి ఉంది. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఉంది."

"తెలుసు," అంది. "మొహం కడుక్కోవడానికి అంతసేపు ఎవరికి పడుతుంది?"

కొంగుతో కళ్ళు తుడుచుకుని, తిరిగి లోపలికి వెళ్ళబోతూ, పడకగది వైపు తొంగి చూసింది. అంతే, నడుం నిటారుగా పెట్టింది. వెన్నలాంటి గొంతు వచ్చింది.

"దయచేసి గమనించండి. మంచం మీద తడి తువ్వాలు ఉన్నది."

"వస్తున్నా, వస్తున్నా!"

తువ్వాలు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. తీగ కాస్త ఎత్తు. చెయ్యెత్తి తువ్వాలు అటువైపుకి విసిరేసరికి నడుంలో కలుక్కుమంది. అలవాటు కొద్దీ పళ్ళు కొరికాను, బాత్రూం వైపు ఒక అడుగు కూడా వేశాను. అక్కడే ఆగాను.

"అబ్బా!" అన్నాను. గట్టిగా, ఇల్లంతా వినపడేలా.

వంటింట్లోంచి ఇంటి గొంతు వచ్చింది, గబగబా, సగం గరిట చప్పుడులో.

"ఎడమవైపేనా?"